రేపల్లెలో బాపట్ల

మా ఆపా పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి తెనాలి నుంచి రేపల్లె వెళ్లాను. ఆపా అంటే మా అక్క, జరీనా. నాకంటే నాలుగేళ్లు పెద్దది. రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే వరిచేల మీది గాలి ఎప్పట్లాగే మొహానికి కొట్టింది. ఏటా రంజాన్‌కి చీర పట్టుకుని ఈ రైల్లోనే వెళ్లేవాణ్ణి. ఈసారి చేతిలో ఏమీ లేదు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వెళ్లేసరికి ఆపా కూతురు షబానా తలుపు దగ్గరే ఎదురొచ్చి, "రండి మామూ" అంది. ఆ పిలుపు వెనకాల లోపలి నుంచి "వచ్చావా, ఎండనపడి" అనే గొంతు రావాలి. అది రాలేదు. నేను చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఫాతిహా చదివించడం అయి, వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. ఇంటివాళ్లం మిగిలాం. షబానా కూతురు ఆఫ్రీన్ మా కోసం సేమ్యా వండుతోంది. వడ్లమూడిలో ఇంజనీరింగ్ చదువుతోంది, పొయ్యి దగ్గర నిలబడటం తక్కువ. పెద్ద డేగిసాకని పెంచిన మంట అట్లాగే ఉంచి, దాని మీదే చిన్న గిన్నె పెట్టేసింది. పాలు మాడిన వాసన వసారా దాకా వచ్చింది. షబానా పరుగెత్తుకెళ్లి స్టవ్ కట్టేస్తూ, "రేపల్లెలో బాపట్ల పెట్టావేంటే?" అని కసిరింది. అని, ఠక్కున నాలుక కరుచుకుని నా వైపు చూసింది.

నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ మాట అర్థమయ్యేవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లం. వాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాననుకుంటున్నాను. "ఏంటమ్మా ఆ మాట?" అన్నాను. "ఏం లేదు మామూ. అమ్మ ఊతపదం. ఒకచోట పెట్టాల్సింది తెచ్చి ఇంకోచోట పెడితే అట్టా అనేది" అని, ఆరిపోయిన స్టవ్‌నే మళ్లీ ఆర్పుతూ నిలబడింది. ఆ మాట ఎక్కణ్నుంచి పుట్టిందో నేనిప్పుడు రాయాలి. నలభై ఏళ్లుగా చెప్పకుండా దాటేస్తూ వచ్చాను. దాటేసే విద్యలో నన్ను మించినవాడు లేడు.

తెనాలిలో మా ఇంటి ముందుగది మా అబ్బా, అంటే నాన్న, నడిపే కుట్టు కొట్టు. మెషిన్ నూనె, గంజి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద వేడెక్కిన తడిగుడ్డ, ఈ మూడూ కలిసిన వాసనే మా ఇంటి వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా ఇస్త్రీ బండి పక్కన నడిస్తే కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. అబ్బా తక్కువ మాటల మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పని చేసేవాడు కాబట్టి మాట్లాడే వీలూ తక్కువే. ఏదన్నా అడిగితే సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చి, అప్పుడు జవాబు చెప్పేవాడు. ఆ సూదులు తీసేలోపు అడిగినవాడికి సగం ధైర్యం పోయేది. అమ్మీ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు గానీ కొట్లో ఎవరేం మాట్లాడారో అంతా ఆమెకి తెలిసేది.

ఆపా పని కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం. ఇంకో పని కూడా ఉండేది. ఏ గుడ్డ ఎవరిదో చిన్న చీటీ మీద రాసి పిన్ను పెట్టేది. ఆమె తెలుగు అక్షరాలు గుండ్రంగా, అచ్చు వేసినట్టుండేవి. చదువు ఎనిమిదితో ఆగిపోయినా చేతిరాత మాత్రం ఆగలేదు. కాజాలు తీస్తూ కూనిరాగం తీసేది. పక్కింటి రేడియోలో విన్న పాటే, కానీ అబ్బా మెషిన్ ఏ వేగంతో నడుస్తుంటే ఆ వేగానికి మార్చుకుని పాడేది. మెషిన్ ఆగితే తనూ ఆగేది. మళ్లీ చక్రం తిరిగితే వదిలిన చోటే అందుకునేది. ఎక్కడ వదిలిందో గుర్తుపెట్టుకోవడం ఆమెకి కష్టమే కాదు. అబ్బాకి ఆ పాట వినపడేదో లేదో మాకెప్పుడూ తెలియలేదు.

నేను గిటారు పట్టుకున్నది సుందరం మాస్టారి దగ్గర. ఆయన హార్మోనియం వాయించేవాడు, పెళ్లిళ్లకీ పండగలకీ పాటకచేరి చేసే ఆర్కెస్ట్రా నడిపేవాడు. తెనాలి చుట్టుపక్కల, బాపట్ల దాకా, రేపల్లె దాకా, మధ్యలో నగరం అని పేరున్న పల్లె లాంటి ఊళ్లల్లో మా వ్యాను తిరగని వీధి లేదు. ఆయన ఒకసారి మద్రాసు వెళ్లి వస్తూ నా కోసం ఒక పెట్టె తెచ్చాడు. సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది, ఇనపది, కాలితో నొక్కేది. డిలే పెడల్ అంటారన్నాడు. తీగ మీటితే ఆ శబ్దాన్ని దాచుకుని కాసేపాగి మళ్లీ వినిపిస్తుంది. దాని నెత్తిన మూడు గుండీలు. నాబ్‌లు అనాలట గానీ, టైలర్ ఇంట్లో గుండ్రంగా ఉండేదేదైనా గుండీయే. మొదటిది తిప్పితే మారుమోత ఎంత ఆలస్యంగా రావాలో, రెండోది తిప్పితే ఎన్నిసార్లు రావాలో, మూడోది తిప్పితే ఎంత గట్టిగా రావాలో. ఇవి కాక యాంప్లిఫయర్ మీద రివర్బ్ అని ఇంకొకటి ఉండేది. అది పెంచితే చిన్న గదిలో వాయించినా పెద్ద మందిరంలో వాయించినట్టుంటుంది. తడిగుడ్డ పిండినా తడి మిగిలినట్టు, తీగ ఆగినా శబ్దం మిగులుతుంది. పంతొమ్మిదేళ్ల వాడి చేతికి ఇన్ని గుండీలిస్తే ఏమవుతుందో మాస్టారికి తెలుసు. అందుకే పెట్టెతోపాటు ఒక పద్ధతి కూడా ఇచ్చాడు.

ఎక్కడ కచేరి అయినా సామాను దింపకముందే మాస్టారు చివరి వరస దాకా నడిచివెళ్లి, ఒక్కసారి చప్పట్లు కొట్టి, తల పక్కకి వంచి వినేవాడు. ఆ ఒక్క చప్పుడు తిరిగి ఎంతసేపటికి వచ్చిందో, ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుని అక్కణ్నుంచే తీర్పు చెప్పేవాడు. "ఇది మాట్లాడే హాలురా" అనేవాడు. లేకపోతే "ఇది మూగది" అనేవాడు. బాపట్లలో మేం ఎక్కువగా వాయించేది సముద్రం వైపు పేటల్లో, ఇసకలో, పైన కప్పుండదు, పక్కన గోడుండదు. ఎంత మీటినా గాలి ఎత్తుకుపోతుంది. అక్కడ డిలే పెంచాలి, రివర్బ్ పెంచాలి. రేపల్లెలో మేం వాయించే కల్యాణ మండపం పైన రేకులు, చుట్టూ సున్నపు గోడలు. దగ్గితే నాలుగు దగ్గులు వినపడతాయి. అక్కడ రివర్బ్ పూర్తిగా చంపెయ్యాలి, డిలే ఒక్కటంటే ఒక్కసారి, అదీ సన్నగా. "మాట్లాడే హాల్లో నువ్వు తక్కువ మాట్లాడాలబ్బాయ్" అనేవాడు మాస్టారు. తెనాలి ఈ రెంటికీ నడిమధ్య.

ఆ మూడు ఊళ్ల గుర్తులూ నేను మర్చిపోతుంటే ఒక మధ్యాహ్నం ఆపా ఉపాయం చెప్పింది. అబ్బా వేళ్లకి సూది దిగితే వేసుకునే తెల్ల ప్లాస్టర్ ఉండేది. దాన్ని సన్నగా కత్తిరించి ఒక్కో గుండీ చుట్టూ అంటించి, మాస్టారు తిప్పి చూపించిన చోటల్లా తన గుండ్రటి అక్షరాలతో తె, బా, రే అని రాసింది. మూడు గుండీలకి తొమ్మిది అక్షరాలు. "ఇంక ఏ ఊరు వెళ్తే ఆ అక్షరం దగ్గరికి తిప్పు, నీ బుర్రతో పనిలేదు" అంది. నేను తిరిగి ఏదో అన్నాను. అమ్మీ వంటింట్లోంచి నవ్వింది. మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి నవ్విన మధ్యాహ్నాలు ఎన్నో ఉండే ఉంటాయి, కానీ నాకు ఇదొక్కటే గుర్తుంది.

మా ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చిన మాస్టారు ఆపా కూనిరాగం విన్నాడు. కొలతలు ఇవ్వడం మర్చిపోయి అబ్బా ముందు నిలబడ్డాడు. "భాయ్, అమ్మాయిని నాతో పంపండి. నా కూతురిలాగా తీసుకెళ్లి తీసుకొస్తానండి" అన్నాడు. అబ్బా సూదులు ఒక్కొక్కటే తీశాడు. ఆపా చేతిలో కాజా సగంలో ఆగింది. పెద్దాళ్లు ఏమంటారు, మన వీధి ఏమంటుంది, ఇవేమీ అనలేదు అబ్బా. "ఒక్కసారి పాడనీండి. నేనొచ్చి వింటా. విన్నాక చెబుతా" అన్నాడు. ఆ ఒక్కసారికి నెల తర్వాత రేపల్లెలో రోజు కుదిరింది. ఆ నెల రోజులూ ఆపా గుండీలు తప్పుగా కుట్టింది. ఒకాయన చొక్కాకి గుండీలన్నీ లోపలి వైపు వచ్చాయి. అబ్బా తిట్టలేదు, విప్పి తనే కుట్టుకున్నాడు.

రేపల్లె కచేరికి ముందురోజు సాయంత్రం మాకు బాపట్ల వైపు ఒక పేటలో పండగ కచేరి. నేను బా దగ్గరికి తిప్పి వాయించాను. అప్పట్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యాన్ని బిట్టు అనేవాళ్లం. నా బిట్టు అవగానే ముందు వరసలో చేపల గంప బోర్లించుకుని కూర్చున్న ఒక ముసలామె లేచొచ్చింది. "అబ్బాయా, నువ్వు ఒకటి కొడితే మూడు వస్తన్నాయే. మా సముద్రం కూడా అంతేరా, ఒకటని ఊరుకోదు. మళ్లీ వాయించు" అంది. మళ్లీ వాయించాను. ఆమె ఇంకోసారి అంది. ఆ రోజుకి ముందూ తర్వాతా నన్నెవరూ అట్లా అడగలేదు. వ్యాన్లో తిరిగొస్తుంటే ఇక నేను ఏ ఊళ్లో అయినా ఇట్లాగే వినపడాలనుకున్నాను. ముఖ్యంగా అబ్బాకి. గిటారు పట్టుకున్న నాలుగేళ్లలో అబ్బా నా వాయిద్యం గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. రేపు ఆయన వస్తున్నది ఆపా కోసమని నాకు తెలుసు. తెలిసీ అనుకున్నాను.

రేపల్లె మండపంలో మాస్టారు చివరి వరసలో చప్పట్లు కొట్టాడు. రేకుల మీద అది గులకరాళ్లు దొర్లినట్టు దొర్లింది. "బాగా మాట్లాడుద్దిరా ఇది. రే పెట్టు, ఇంకా తగ్గించు" అని అక్కణ్నుంచే అరిచాడు. నేను వంగి రే దగ్గరికి తిప్పాను. ఆయన హార్మోనియం వైపు తిరిగాక మూడు గుండీలూ మళ్లీ బా దగ్గరికి తిప్పేశాను. రివర్బ్ కూడా పెంచాను. నా వెనక ఇనపకుర్చీలో ఆపా కూర్చుని ఉంది, కొత్త ఓణీ తలమీదుగా కప్పుకుని, పాటల చీటీ చేతిలో పట్టుకుని. ఆమె చీటీ చూసుకుంటోందనుకున్నాను. అబ్బా నాలుగో వరసలో ఇస్త్రీ చొక్కాతో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పల్లవి ఆపా అద్భుతంగా ఎత్తుకుంది. నేను ఇది తమ్ముడిగా చెప్పడం లేదు, వాయిద్యగాడిగా చెబుతున్నాను. హాల్లో మాటలు ఆగిపోయాయి. మాస్టారు హార్మోనియం మీద నుంచి తలెత్తి అబ్బా వైపు చూశాడు. తర్వాత నా బిట్టు. బిట్టు అయ్యాక నాలుగు లెక్కపెట్టుకుని చరణం అందుకోవాలి, అంతే. కానీ నా బిట్టు అవలేదు. నేను తీగ వదిలేసినా పెట్టె వదల్లేదు. ఒకటి మూడయింది, ఆ మూడింటినీ రేకులు తొమ్మిది చేశాయి, అన్నీ తాళానికి అడ్డంగా పడటం మొదలెట్టాయి. ఎక్కడ ఆగిందో తెలియక ఆపా ముందు తొందరపడి అందుకుంది. తప్పని ఆపేసి, మళ్లీ ఆలస్యంగా అందుకుంది. తబలా ఒకచోట, తనొకచోట. గొంతు వణికింది. వెనక వరసల్లో ఎవరో వెక్కిరింపుగా చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఆ చప్పట్లని కూడా హాలు నాలుగింతలు చేసింది. చరణం సగంలో ఆపా ఆగిపోయింది. ఈసారి వదిలిన చోట మళ్లీ అందుకోలేదు. అబ్బా లేచి, టోపీ పెట్టుకుని, ఎవరి కాలూ తొక్కకుండా జాగ్రత్తగా వరసలోంచి బయటికి నడిచివెళ్లిపోయాడు.

మాస్టారు నా దగ్గరికి వచ్చేలోపు గుండీలు రే దగ్గరికి తిప్పేశాను. "బాపట్ల మీద ఉందా?" అన్నాడు. "లేదండి" అన్నాను. ఆయన వంగి చూశాడు. మూడు గుండీలూ రే మీద ఉన్నాయి. నా మొహం వంక చూశాడు. మర్నాడు అన్నాల దగ్గర అబ్బా, "చాలమ్మా" అన్నాడు ఆపాతో. ఆ ఒక్క మాటే. కోపంగా కూడా అనలేదు. "నా గొంతే వణికింది అబ్బా" అంది ఆపా. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. ఆ ముద్ద మింగగలిగానే, అది ఇవాళ్టికీ ఆశ్చర్యంగా ఉంటుంది. నోరు తెరిచి నేనే చేశానని ఒక్క మాట అంటే అబ్బా ఇంకోసారి వినేవాడు. నిజం చెప్పినవాణ్ణి ఆయనెప్పుడూ కొట్టలేదు. నాకు దెబ్బల భయం లేదు. ఆపాకి ఎదురుగా ఆ మాట అనడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోవడానికి ఆమె పాట మొత్తం ఖర్చుపెట్టాను.

ఆ తర్వాత ఏడాదే ఆపాకి పెళ్లయింది. ఎక్కడెక్కడి సంబంధాలో వచ్చి చివరికి రేపల్లెలోనే కుదిరింది. ఆ మండపం మీదుగానే నలభై ఏళ్లు కూరగాయలకి వెళ్లింది. మండపం తర్వాత ధాన్యం గోడౌన్ అయింది, ఆ తర్వాత కొట్టేశారు. అబ్బా పోయాక ఆయన కుట్టుమెషిన్ ఆపా తెచ్చుకుంది. నా గిటారు ఆర్కెస్ట్రాతోనే మూలపడింది, పెడల్ ఎటు పోయిందో వెతకలేదు, ఉద్యోగంలో చేరాను. చెప్పడానికి అవకాశాలు లేకపోలేదు. మొన్న ఆసుపత్రిలో కూడా మంచం పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. "గిటారు తీస్తన్నావా ఎప్పుడన్నా?" అంది, గాలిలాంటి గొంతుతో. "వేళ్లు బిగుసుకుపోయాయి ఆపా" అన్నాను. "మెషిన్ నూనె రాయి" అని నవ్వింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో నర్సు వచ్చింది. నర్సు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదేమో.

సేమ్యా గిన్నె కడిగి బోర్లించాక షబానా నన్ను ఆపా గదిలోకి తీసుకెళ్లింది. మంచం విప్పి పంపేశారు. బొంతలు, చీరలు ఎవరికివ్వాలో వాళ్లకి ఇచ్చేశారు. గోడవారన అబ్బా మెషిన్ ఒక్కటే ఉంది. "దీని సొరుగులో మీదేదో ఉంది మామూ" అంది. బాబిన్లు, సుద్దముక్కలు, మొద్దుబారిన కత్తెర, వాటి కింద లైనింగు గుడ్డలో చుట్టి నా పెడల్. ప్లాస్టర్ పసుపెక్కింది. తె, బా, రే చెదరకుండా ఉన్నాయి. ఆఫ్రీన్ దాన్ని అపురూపంగా తీసుకుని తిప్పి చూసింది. ఆ పిల్ల కాలేజీ బ్యాండులో గిటారు వాయిస్తుంది, పాడుతుంది కూడా. స్టేజీ ఎక్కితే వాళ్లమ్మ ముందు వరసలో నిలబడి ఫోనులో తీస్తుంది. తన పెడల్‌లో వంద సెట్టింగులు దాచుకోవచ్చట, నొక్కితే హాలు, నొక్కితే చర్చి, నొక్కితే కొండగుహ. "అయినా మా ఆడిటోరియంలో అంతా కలగాపులగం అయిపోద్ది తాతా. ఎంత పెట్టాలో తెలీదు" అంది.

"ముందు హాలు వినాలి" అని, ఎట్లాగో చూపిద్దామని గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఖాళీ గది మోగింది. మంచం, బొంతలు, చీరలు, ఆపా ఉన్నన్నాళ్లూ ఈ గది ఎప్పుడూ మోగలేదు. ఆ మోత ఆగేదాకా కూడా ఉండలేకపోయాను. "ఆ రోజు బాపట్ల పెట్టింది నేనే" అన్నాను. గుమ్మంలో షబానా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మకి తెలుసు మామూ. మీ వెనకే కూర్చుందిగా. మీరు తిప్పడం చూసింది."

"చూసి? ఎందుకు చెప్పలేదు అబ్బాకి?"

"నేనూ అడిగా. ఇద్దరిలో ఒకళ్లన్నా అబ్బా చెవిన పడాలిగా, వాడి బిట్టు పడింది చాల్లే, అనేది. నవ్వుతానే అనేది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పేది మాకు. మామూ వచ్చినప్పుడు ఇంట్లో ఆ మాట అనొద్దు, వాడు తట్టుకోలేడని. చిన్నప్పట్నుంచీ మీరొస్తే మేం ఆ మాట అనం. ఇవాళ నోరు జారింది."

నేను మెషిన్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ప్రతి రంజాన్‌కీ నేను గుమ్మంలోకి రాగానే ఈ ఇల్లంతా ఒక మాట మింగి, నాకు మంచినీళ్లు ఇచ్చిందన్నమాట. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆఫ్రీన్ పెడల్‌ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టబోతే, నీ దగ్గరే ఉంచుకోమన్నాను. రైలుకి వేళవుతుంటే చెప్పులు వేసుకుంటూ షబానాతో అన్నాను, "ఇక నుంచి నేనొచ్చినప్పుడు కూడా అనండమ్మా ఆ మాట." అలాగే అన్నట్టు తలూపింది. వీధి మలుపు దాకా నాతో వచ్చారు తల్లీ కూతుళ్లు. ఆ కాస్త దూరంలో ఎవరమూ ఆ మాట మళ్లీ అనలేకపోయాం.